మధ్యలో వెలిగిన దీపాలు

సోమవారం ఉదయం సుమతి “మీతో ఒక మాట చెప్పాలండీ” అనేసరికి భీమశంకర్ ఒక కాలు స్నో బూట్‌లో పెట్టి రెండో బూటు కోసం సోఫా కింద వెతుకుతున్నాడు.

“సాయంత్రం చెబుదువుగానిలే.”

“సాయంత్రం దాకా ఆగే మాట కాదు.”

“ఆగకపోతే ఎలాగ? ఆ శ్యామ్‌సుందర్ గాడు పొద్దున్నే థియేటర్‌లో తిష్ఠ వేసుంటాడు. వాడికన్నా ముందు నేనేదో ఒకటి తేల్చకపోతే సాయంత్రానికి మీనాక్షి గారి చేతులకు బేడీలు పడతాయి.”

శ్యామ్‌సుందర్ పేరు వినగానే సుమతి తల దించుకుంది. బల్ల మీద పరిచిన జాకెట్ గుడ్డ మీద ఒక పొట్టి నల్ల పుల్లతో కొలతలు గీసుకుంటూ ఉండిపోయింది. వేలెడు పొడవు కూడా లేని పుల్ల, పైన రాగి పూత. ఇదేం పెన్సిలని నెల కిందట అడిగితే “ఎక్కడో దొరికిందిలెండి” అంది. అపరాధ పరిశోధకుడై ఉండి కూడా భీమశంకర్ ఆ పుల్లను పట్టించుకోలేదు. దించుకున్న తలను మాత్రం పట్టించుకున్నాడు. అతని డాట్సన్ కారు రెండు రోజులుగా మంచులో కూరుకుపోయి ఉంది. పాత్ ట్రైన్‌లో వెళుతున్నంత సేపూ ఆ దించుకున్న తలే కళ్ళ ముందు కనిపించింది.

దానికి కారణం పద్నాలుగేళ్ళ నాటిది. సుమతిని పెళ్ళిచూపుల్లో అతనికన్నా ముందు చూసినవాడు శ్యామ్‌సుందర్. ఆ సంబంధం కుదరలేదు. కుదరనిదాన్ని మరిచిపోవచ్చు కదా, ఊహూఁ. న్యూజెర్సీలో ఎవరింట్లో విందు జరిగినా గ్లాసు చేతపట్టుకుని “ఆ పెళ్ళిచూపుల్లో మా అమ్మ నీకేం వచ్చమ్మా అని అడిగితే ఈవిడ ఏమందో తెలుసా?” అని మొదలుపెట్టేవాడు. అక్కడే భీమశంకర్ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. లోపలినుంచి అందరి నవ్వులూ, వాటిలో సుమతి నవ్వూ వినిపించేవి. ఆ జవాబేమిటో అతను ఇంతవరకూ వినలేదు. వినాలనీ లేదు.

దానికి తోడు ఈ శనివారాల గొడవొకటి. నాలుగు నెలలుగా ప్రతి శనివారం మధ్యాహ్నం సుమతి లైబ్రరీకి వెళుతోంది. జనవరిలో ఒక శనివారం అతను లైబ్రరీకి ఫోన్ చేసి చీర కట్టుకున్నావిడ ఉందా అని అడిగాడు. లేదన్నారు. అనుమానం పెనుభూతమంటారు. అతని ఇంట్లో ఆ భూతానికి నాలుగు నెలలుగా మూడు పూటలా భోజనం దొరుకుతోంది.

ఆర్కేడియా థియేటర్‌లో వెనక సందులోంచి ఆఫీసు గది పక్కగా ఒక ఇనుప మెట్లదారి ఉంది; లాబీలోంచి ప్రొజెక్టర్ గదికి ఇరవై ఏడు మెట్లు. అవి ఎక్కేసరికి భీమశంకర్ అనుకున్నంతా అయింది. శ్యామ్‌సుందర్ తలుపుకి ఆనుకుని, ఒంటె రంగు ఓవర్‌కోట్‌లో, పెళ్ళికొచ్చినవాడిలా నవ్వుతున్నాడు.

“రా గురూ. ట్రైన్‌లో వచ్చావా? ఫోన్ చేస్తే కార్‌లో పిక్ చేసుకునేవాణ్ణి కదా.”

“శనివారం ఎక్కడున్నావు నువ్వు?” అన్నాడు భీమశంకర్. ఆ ప్రశ్న అడగాలని అతను అనుకోలేదు. నోరు దానంతటదే అడిగేసింది.

“నేనా? మా అమ్మాయి రేణుకి పియానో క్లాస్. ఏం, నేనూ సస్పెక్ట్‌నేనా?”

కేసు ఇది. రాజ్ అనే మన తెలుగువాడు, నలభై ఏళ్ళవాడు, ఆ థియేటర్‌ను శనివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఇటాలియన్ థ్రిల్లర్లు వేసేవాడు. దానికో క్లబ్బు, క్లబ్బుకి నలభైమంది సభ్యులు, అందరూ ఆ సినిమాలంటే పడిచచ్చే అమెరికన్లు. మొన్న శనివారం ‘మూడో తాళంచెవి’ అనే సినిమా వేశారు. కత్తెర పడని ప్రింటు ప్రపంచంలో అదొక్కటే మిగిలిందని రాజ్ ఊరంతా చెప్పుకున్నాడు. ఆ ఆట నడుస్తుండగా కింద తన ఆఫీసు గదిలో తల పగిలి చచ్చిపోయాడు. పక్కనే రీళ్ళు చుట్టే యంత్రం తాలూకు పాత ఇనుప పిడి పడి ఉంది. దాని మీద వేలిముద్రలు లేవు.

మూడు గంటల పదహారు నిమిషాల వరకు రాజ్ బతికున్నాడు. నోవై అనే ఊళ్ళో ఉన్న మరో సినిమా పిచ్చివాడితో మాట్లాడి అప్పుడే ఫోన్ పెట్టేశాడని టెలిఫోన్ కంపెనీ చెప్పింది. మూడూ యాభై అయిదుకి శవం దొరికింది. మూడూ ఇరవై అయిదుకి రాజ్ భార్య మీనాక్షి ఏడుస్తూ బయటికి వెళ్ళడం ఇద్దరు చూశారు. ఆఫీసు తలుపు లోపల గడియ పెట్టి ఉందనీ, కొట్టినా తియ్యలేదనీ ఆమె అంటోంది. నమ్మినవాడు ఒక్క భీమశంకరే. ఆమె తరఫున పనిచేస్తున్నదీ అతనే. కౌంటీ ప్రభుత్వం తరఫున పరిశోధకుడిగా పనిచేస్తున్న శ్యామ్‌సుందర్‌కి మాత్రం కేసు అరచేతిలో ఉసిరికాయ.

“అసూయ గురూ. సింపుల్,” అన్నాడు శ్యామ్‌సుందర్. “భర్త గోడ మీద ఒక ఇటాలియన్ యాక్ట్రెస్ పోస్టర్ పెట్టుకున్నాడు. ఈవిడ పోయిన వారం దాన్ని చింపేసింది. శనివారం మనిషినే చంపేసింది. థియేటర్‌లో ఆ టైమ్‌కి కదలగలిగినవాళ్ళు ఇంకెవరున్నారు? ఆడియన్స్ లోపల ఉన్నారు. పాప్‌కార్న్ అమ్మాయి లాబీలో ఉంది, కౌంటర్‌కి వెనక. డొమినిక్ ఇక్కడ మెషీన్ దగ్గర ఉన్నాడు.”

డొమినిక్ ఆ థియేటర్ ఆపరేటర్. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తాత ఇటలీవాడు, తను జెర్సీ సిటీలోనే పుట్టాడు. ఇటాలియన్లో పేరు రాయడం కూడా రాదని తనే చెప్పాడు. బల్ల మీద కూర్చుని దళసరి నల్ల తోలు గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. ఆ పాత ప్రొజెక్టర్లలో వెలుతురు బల్బుది కాదు, రెండు కర్బన కడ్డీల మధ్య మండే మంటది. ఆ వేడికి గ్లవ్స్ లేకుండా ఎవరూ చెయ్యి పెట్టరు.

భీమశంకర్ తన కార్డిచ్చాడు. డొమినిక్ దాని మీది ఇంటిపేరు ఒకసారి చదివి, భీమశంకర్ మొహంలోకి చూసి, మళ్ళీ చదివాడు.

“చిలుకూరి. ఇల్లూ ఆఫీసూ ఒకటేనా?”

“ఒకటే. శనివారం ఆట ఎన్నింటికి మొదలైంది?”

“రెండూ పదికి.”

“ఎన్నింటికి ముగిసింది?”

“మూడూ నలభై ఎనిమిదికి. తొంభై ఎనిమిది నిమిషాల సినిమా, లెక్క సరిపోయిందా? అయిదు రీళ్ళు. రెండు మెషీన్లు. ఒకదాంట్లో రీలు అయిపోతుంటే రెండోది అందించాలి. మనిషి లేకపోతే తెర మీద తెల్ల వెలుతురు తప్ప ఏమీ ఉండదు.”

“మధ్యలో ఎక్కడికైనా వెళ్ళారా?”

“ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా ఒక్క క్షణం ఆగకుండా నడిచింది బొమ్మ. లోపల కూర్చున్న నలభైమందినీ అడుగు.”

“అడిగాను,” అన్నాడు శ్యామ్‌సుందర్ గోళ్ళు చూసుకుంటూ. “ప్రింట్ తెగలేదు, బొమ్మ పోలేదు, క్లాస్‌గా వేశాడన్నారు. ఇంకేమైనా ఉందా గురూ?”

ఉంది. గోడకి గుచ్చిన ఒక వార్తాపత్రిక కత్తిరింపు మీద భీమశంకర్ చూపు ఆగింది. రాజ్ ఒక ఫిల్మ్ డబ్బాను చంటిపిల్లలా ఎత్తుకుని నవ్వుతున్న ఫోటో. ఫోటో అంచున ఎవరిదో మోచెయ్యి మాత్రం కనిపిస్తోంది.

“ఈ మోచెయ్యి ఎవరిది?”

డొమినిక్ గ్లవ్ బిగించుకున్నాడు. “నాదే,” అన్నాడు. “ఆ డబ్బాలు దొరికింది నాకు. న్యూవార్క్‌లో మూసేసిన ఒక థియేటర్ బేస్‌మెంట్‌లో, ఎలకల మధ్య. రాజ్ వాటిని క్లబ్బుకి చూపించాడు. పేపర్‌వాళ్ళు రాజ్‌ని ఫోటో తీశారు. ఇప్పుడు ప్యారిస్ నుంచి కూడా వాడికే ఉత్తరాలు.”

ఆ గొంతులోని చేదు భీమశంకర్‌కి బాగా తెలుసు. పద్నాలుగేళ్ళుగా అది తన గొంతులోనూ ఉంది. కానీ రెండూ పది నుంచి మూడూ నలభై ఎనిమిది దాకా పై గదిలో కట్టేసినట్టున్న మనిషిని, కడుపుమంట ఉన్నంత మాత్రాన, కింది గదిలో హంతకుణ్ణి ఎలా చేస్తాం? మెట్లు దిగాడు.

కౌంటర్ వెనక ఉన్నది విద్య. పందొమ్మిదేళ్ళది. పుట్టింది ఇక్కడే. వాళ్ళ నాన్న లక్ష్మీనారాయణ గారు అరవై రెండులోనే వచ్చి స్థిరపడ్డారు. శని, ఆదివారాలు పాప్‌కార్న్ అమ్ముతుంది, సినిమా కోర్సు చదువుతుంది. ఈ రోజు పోలీసులు రమ్మంటే వచ్చింది.

“నువ్వు ఈ సినిమాలు చూస్తావామ్మా?” అన్నాడు భీమశంకర్.

“లవ్ చేస్తా అంకుల్! మా మమ్మీకి చెప్పకండి ప్లీజ్.” విద్య గొంతు తగ్గించింది. “బ్లాక్ గ్లవ్స్ ఉంటుంది కదా, కిల్లర్ చేతులు మాత్రమే కనిపిస్తుంది. ఆ గ్లవ్స్ రాగానే మా క్లబ్ గైస్ అందరూ క్లాప్ చేస్తారు. స్టోరీ అసలు సెన్స్ చేయదు అంకుల్, బట్ ఆ కలర్స్! ఆ మ్యూజిక్!”

“బాత్‌టబ్బులు కూడా ఉంటాయటగా.”

“చాలా బాత్‌టబ్స్,” అని విద్య ఒప్పుకుంది.

“శనివారం బొమ్మ ఎన్నింటికి మొదలైంది?”

“టూ. షార్ప్. రాజ్ అంకుల్ స్పీచ్ ఇచ్చి, టూకి డోర్ క్లోజ్ చేయమన్నారు. నేను ఆ క్లాక్ చూసి క్లోజ్ చేశా.”

“రెండూ పది కాదూ?”

“నో అంకుల్. టూ.”

పది నిమిషాలు తేడా. ఎవరి గడియారమో తప్పు. భీమశంకర్ రాసుకున్నాడు. “ఆ తర్వాత రాజ్‌ని ఎప్పుడు చూశావు?”

“ఇంటర్వెల్‌లో. కాఫీ తీసుకున్నారు. చాలా హ్యాపీగా ఉన్నారు. ఆ తర్వాత ఆఫీస్‌లోకి వెళ్ళారు, అంతే.” ఆమె కళ్ళు నిండాయి. “లాస్ట్ కాఫీ అని నాకు తెలీదు కదా.”

ఇంటర్వెల్‌లో కాఫీ, అని రాసుకుని, ఆ పిల్ల భుజం తట్టి, భీమశంకర్ రాజ్ ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

గది చిన్నది. బల్ల, కుర్చీ, ఫోను. గోడ మీద చిరిగిన పోస్టర్‌లో సగం మిగిలింది. ఒక ఆకుపచ్చ కన్ను, తడిసిన జుట్టు, ఎవరి చెయ్యో పట్టుకున్న తాళంచెవి. మీనాక్షి నిన్న అతనితో అన్న మాట గుర్తొచ్చింది. “నా వంక అలా చూసి ఎన్నేళ్ళయిందో అండీ. కాగితంతో పోటీ పడాల్సి వచ్చింది నాకు.” ఆ మాట విన్నాకే అతను కేసు ఒప్పుకున్నాడు. తనకున్న జబ్బే ఇంకొకరికి ఉందని తెలిస్తే వాళ్ళు చుట్టాల్లా అనిపిస్తారు.

బల్ల సొరుగులో క్లబ్బు కరపత్రాలున్నాయి. రాజ్ రాసినవే. ఇటలీలో పసుపు అట్టల చవక డిటెక్టివ్ పుస్తకాలు అమ్మేవారనీ, ఆ కథల్లోంచే డెబ్భైలలో ఈ సినిమాలు పుట్టుకొచ్చాయనీ, వాటిని అప్పట్లో చెత్తని తోసేసినవాళ్ళే ఇప్పుడు పాత ప్రింట్ల కోసం కొట్టుకుంటున్నారనీ ఉంది. ‘మూడో తాళంచెవి’ కథ కూడా రెండు ముక్కల్లో రాశాడు. రోములో ఒక భర్త. ప్రతి గురువారం భార్య ఎక్కడికి వెళుతోందో తెలుసుకోవాలని ఆమె వెనక మనిషిని పెడతాడు. కింద గీత గీసిన వాక్యం ఒకటుంది: ‘ఈ సినిమాల్లో హంతకుడెవరన్నది ముఖ్యం కాదు. ఎవరు ఎవర్ని తలుపు సందులోంచి చూస్తున్నారన్నదే ముఖ్యం.’

భీమశంకర్ ఆ కాగితాన్ని బోర్లించి పెట్టాడు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో, అట్ట మీద బెదిరిపోయిన ఆడపిల్ల బొమ్మున్న డిటెక్టివ్ నవలలు రోజుకొకటి చదివినవాడే అతనూ. డెబ్భై ఆరులో ఒకసారి, న్యూయార్క్‌లో, వానకి తలదాచుకుందామని ఇలాంటి సినిమాకే వెళ్ళాడు. వాన ఇరవై నిమిషాల్లో వెలిసింది. అతను మాత్రం ఆఖరిదాకా కూర్చున్నాడు. ఆ సంగతి సుమతికి ఇప్పటికీ తెలియదు. ఆ సినిమాలో కూడా ఇలాగే ఎవరో ఎవర్నో చంపుతారు, సరిగ్గా ఇంటర్వెల్‌కి ముందు...

అతని ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఆ సినిమాకి ఇంటర్వెల్ ఎక్కడిది? పదమూడేళ్ళుగా అమెరికాలో ఉన్నాడు, ఏ థియేటర్‌లో ఇంటర్వెల్ చూశాడు? ఈ దేశంలో బొమ్మ మొదలైందంటే అయిపోయేదాకా ఆగదు. కాఫీ కావలసినవాడు చీకట్లో మోకాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి తెచ్చుకోవాల్సిందే. మరి విద్య ఇంటర్వెల్ అంది. తను ఇంటర్వెల్ అని రాసుకున్నాడు. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు! తెలుగు సంఘంవాళ్ళు వేసే సినిమాలకు పుట్టినప్పటినుంచి వెళుతున్న పిల్లకి సినిమా అంటే మధ్యలో దీపాలు వెలుగుతాయి, అంతే. వింతగా ఏమైనా జరిగిందా అని పోలీసులు అడిగితే లేదంటుంది మరి. తనకి మాత్రం బుద్ధి ఉండొద్దూ?

ఒక్క ఊపున లాబీలోకి వచ్చాడు.

“విద్యా! ఇంటర్వెల్ ఎన్నింటికిచ్చారు?”

“టూ ఫిఫ్టీ ఎయిట్ అలా. లైట్స్ ఆన్ అయ్యాయి, అందరూ ఒకేసారి బయటికొచ్చారు, నా కాఫీ అంతా అయిపోయింది. క్లబ్ గైస్ అయితే వావ్, యూరప్‌లో లాగా వేస్తున్నారు అన్నారు. టెన్ మినిట్స్ తర్వాత మళ్ళీ లైట్స్ ఆఫ్.”

రెండుకి మొదలు. యాభై ఎనిమిది నిమిషాలు బొమ్మ. పది నిమిషాలు ఇంటర్వెల్. మిగతా నలభై నిమిషాలు బొమ్మ. మూడూ నలభై ఎనిమిది. లెక్క అతుక్కుంది. భీమశంకర్‌కి ఒళ్ళంతా వెచ్చబడింది. శ్యామ్‌సుందర్ అప్పుడే మెట్లు దిగి వస్తున్నాడు. అతని వెనకే, నాలుగు మెట్లు పైన, డొమినిక్.

ఇక్కడ బుద్ధిమంతుడైతే నోరు మూసుకుని పోలీసులకు ఫోన్ చేస్తాడు. భీమశంకర్‌కి ఆ క్షణంలో పోలీసులు గుర్తు లేరు, మీనాక్షి కూడా గుర్తు లేదు. పదమూడేళ్ళుగా బాల్కనీలో నిలబడి విన్న నవ్వులే గుర్తున్నాయి.

“శ్యామ్!” అన్నాడు లాబీ అంతా మార్మోగేలా. “శనివారం ఆట వేసింది డొమినిక్ కాదు.”

“మళ్ళీ మొదలా గురూ?”

“బొమ్మ ఆగకుండా నడిచిందన్నాడా లేదా? రెండూ యాభై ఎనిమిదికి ఇక్కడ ఇంటర్వెల్ ఇచ్చారు. దీపాలు వేశారు. నలభైమంది కాఫీ తాగారు. ఆ సంగతి డొమినిక్‌కి తెలియదు. ఎందుకు తెలియదు? ఆ టైమ్‌కి గదిలో లేడు కాబట్టి! రెండూ పదికి మొదలైందని ఎందుకన్నాడు? ముగిసిన టైమ్‌లోంచి తొంభై ఎనిమిది తీసేసి చెప్పాడు కాబట్టి!”

శ్యామ్‌సుందర్ నవ్వు మొహం మీద సగంలో ఆగిపోయింది. ఆ సగం నవ్వును చూసిన ఆనందంలో భీమశంకర్ మెట్ల వైపు చూడనే లేదు.

“ప్రింట్‌లోనే అలా ఉందేమో,” అన్నాడు శ్యామ్‌సుందర్.

“రా. చూపిస్తాను,” అంటూ ప్రొజెక్టర్ గది వైపు వేలు పెట్టాడు.

చూపించాడు. తనివితీరా చూపించాడు. శ్యామ్‌సుందర్ చేత ఇరవై ఏడు మెట్లూ ఎక్కించాడు. మూడో రీలు డబ్బా తీసి, ఫిల్మ్ చివరి గజాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, నల్లటి గడుల మీద తెల్లటి ఇటాలియన్ అక్షరాలు చూపించాడు.

“చదువు.”

“నాకు ఇటాలియన్ రాదు.”

“నాకూ రాదు. డొమినిక్‌కీ రాదు. ఇంతవరకూ వాళ్ళు వేసినవన్నీ అమెరికాకి తగ్గట్టు కత్తిరించిన ప్రింట్లు. వాటిలో ఇంటర్వెల్ అని చెప్పే ఈ అక్షరాలు ఉండవు. ఇటలీలో మనలాగే ఆట మధ్యలో ఆపుతారన్నమాట. అమెరికన్ ఆపరేటర్ దీన్ని చూస్తే ఏం చేస్తాడు? ఏదో రాశారులే అని తర్వాతి రీలు అందిస్తాడు. మరి కథ సగంలో ఉండగా నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పడితే, భాష ఏదైనా, చెయ్యి దానంతటదే దీపాల స్విచ్ మీదికి వెళ్ళేది ఎవరికి?”

శ్యామ్‌సుందర్ ఫిల్మ్ వైపు చాలాసేపు చూశాడు. “మనవాళ్ళకి,” అన్నాడు నెమ్మదిగా.

“మనవాళ్ళకి! శనివారం ఈ గదిలో ఉన్నది మనవాళ్ళలో ఒకరు. డొమినిక్ వాళ్ళకి అప్పజెప్పి కిందికి వెళ్ళాడు. ఆ మనిషి దొరికితే డొమినిక్ కథ కంచికి, మీనాక్షి గారు ఇంటికి.”

ఇంత పెద్ద గెలుపు భీమశంకర్‌కి ఈ దేశంలో ఇంతవరకూ దొరకలేదు. దాన్ని మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పాడు. ఇరవై అయిదు నిమిషాలు అలాగే గడిచాయి. శ్యామ్‌సుందర్ వింటూ రెండో ప్రొజెక్టర్ చుట్టూ తిరిగి గోడ వైపుకి వెళ్ళాడు. అక్కడ వంగి, లేచి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“గురూ, ఇటు రా.”

దీపం పెట్టె మీద, తలుపు వైపునుంచి కనిపించని పక్కన, పసుపు పూసి దాని మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది. చిటికెన వేలితో పెట్టిన గుండ్రని బొట్టు.

“జెర్సీ సిటీలో ప్రొజెక్టర్ వేయడం వచ్చిన తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారు శంకరం?” అన్నాడు శ్యామ్‌సుందర్. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

“నాకేం తెలుసు? వెతకాలి.”

“నువ్వు ఎప్పుడూ నా కథ పూర్తిగా వినలేదు. బాల్కనీలోకి పోయేవాడివి.”

“ఇప్పుడా కథెందుకు?”

“నీకేం వచ్చమ్మా, పాట వచ్చా అని మా అమ్మ అడిగింది. పాట రాదండీ, మా నాన్న టూరింగ్ టాకీస్‌లో నాలుగేళ్ళుగా ఆపరేటర్‌ని నేనే, ప్రొజెక్టర్ వేయడం వచ్చు అంది. మా అమ్మకి కోపం వచ్చింది. నాకు మాత్రం... సరే, వదిలెయ్.”

మామగారికి టూరింగ్ టాకీస్ ఉండేదని భీమశంకర్‌కి తెలుసు. పెళ్ళికి ముందే అమ్మేశారు. దాంట్లో యంత్రం ఎవరు నడిపేవారో అతను ఎన్నడూ అడగలేదు. సుమతి చెప్పబోయినప్పుడల్లా అది శ్యామ్‌సుందర్ కథలా వినిపించి మాట మార్చేసేవాడు.

అతని చూపు నేల మీదున్న డబ్బా మీద పడింది. మండగా మిగిలిన కర్బన కడ్డీల ముక్కలు, డబ్బా నిండా. వేలెడు పొడవు లేని నల్ల పుల్లలు, పైన రాగి పూత.

పొద్దున జాకెట్ గుడ్డ మీద కొలతలు గీసింది అలాంటి ముక్కతోనే. దించుకున్న తల శ్యామ్‌సుందర్ కోసం కాదు. నాలుగు నెలల శనివారాలూ వెనక సందు మెట్లెక్కి ఆమె వచ్చింది ఇక్కడికి, ఈ మసి పట్టిన గదికి, చిన్నప్పటి యంత్రం దగ్గరికి. ఇంట్లో చెబితే మొగుడు ఏమంటాడో తెలుసు కాబట్టి లైబ్రరీ అంది. భీమశంకర్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు వేసింది. దాని వెనకే, చాలా ఆలస్యంగా, భయం వచ్చింది.

డొమినిక్ అబద్ధాన్ని బయటపెట్టగల మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆట వేసింది ఇంకొకరని తను లాబీలో కేకలు పెట్టి మరీ చెప్పాడు. తెలుగులో చెప్పాడు కదా అనుకోవడానికీ లేదు. ఇంటర్వెల్ అన్న మాటా, డొమినిక్ అన్న పేరూ, వేలు పెట్టి చూపిన ఈ గదీ అర్థం కావడానికి తెలుగు రానక్కర్లేదు. ఇంటి అడ్రసు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా కార్డిచ్చింది తనే.

“డొమినిక్ ఏడీ?” అని అరుస్తూ మెట్లు దూకాడు.

విద్య బిత్తరపోయింది. “హి లెఫ్ట్ అంకుల్. మీరు పైకి వెళ్ళగానే. కార్‌లో. హాఫ్ అవర్ అయింది.”

భీమశంకర్ కౌంటర్ మీద ఫోన్ లాక్కున్నాడు. ఇంటికి కార్‌లో పది నిమిషాల దారి. నాలుగు సార్లు మోగాక సుమతి ఎత్తింది.

“సుమతీ! శనివారం నువ్వు—”

“తెలిసిపోయిందా?” సుమతి నిట్టూర్చింది. “పొద్దున చెప్పబోయింది అదేనండీ. రెండు రోజులుగా చెప్పాలనే చూస్తున్నాను. రాజ్ గారు పోయారు, మీనాక్షిని అంటున్నారు, నేను ఎలా ఊరుకోను? మీరు నా మీద అరిస్తే అరిచారులే అని—”

“అరవను. ఒట్టు. ముందు తలుపు గడియ పెట్టుకో. ఎవరొచ్చినా తియ్యకు. ఆ డొమినిక్ వస్తే—”

“ఆయన వచ్చి పావుగంటయింది. మంచులో నిలబడి బెల్ కొడితే తియ్యకుండా ఎలా ఉంటాం? కాఫీ ఇచ్చాను.”

భీమశంకర్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి శ్యామ్‌సుందర్ వైపు తిరిగాడు. పద్నాలుగేళ్ళలో ఆ మనిషిని అతను అడిగిన మొదటి సాయం అది. “శ్యామ్, నీ కారు తియ్యి. విద్యా, పోలీసులకు చెయ్యి, ఆఫీసులో ఇంకో ఫోనుంది.” శ్యామ్‌సుందర్ ఒక్క మాట కూడా అడగకుండా, ఓవర్‌కోట్ ఎగురుతుండగా, బయటికి పరిగెత్తాడు.

“సుమతీ, తెలుగులోనే మాట్లాడు. ఏమడుగుతున్నాడు?”

“శనివారం సంగతి మీతో చెప్పానా లేదా అని. రెండు సార్లు అడిగాడు.”

“నువ్వేమన్నావు?”

“ఉన్నదే చెప్పాను. పొద్దున చెప్పబోతే మీకు తీరిక లేకపోయిందని.”

బయట శ్యామ్‌సుందర్ హారన్ కొడుతున్నాడు. ఫోన్‌లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. సుమతి మొహం అటు తిప్పినట్టుంది, మాట కొంచెం దూరంగా, ఇంగ్లీషులో, ఇంటికొచ్చిన వాళ్ళతో మాట్లాడే మర్యాదతో వినిపించింది.

“అదేమిటి, కాఫీ అలాగే ఉంది, అప్పుడే గ్లవ్స్ తొడుక్కుంటున్నారు?”